ద్రాక్షారామం కాదు మహాప్రభో, అది తంజావూరు

కార్తీకమాసం వచ్చిందంటే చాలు, పంచారామాల బస్సులతో పాటు ఈ మెసేజీ కూడా బయల్దేరుతుంది. రామచంద్రపురం గ్రూపులో మొదలై కాకినాడ మీదుగా భీమవరం చేరుతుంది. అక్కణ్ణించి అమెరికాలో ఉన్న మేనల్లుడికి, ఆ మేనల్లుడి దగ్గర్నుంచి "మావయ్యా, ఇది మీకు తెలుసా?" అంటూ మళ్ళీ వెనక్కి. పంపేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే. వాళ్ళలో రిటైరైన హెడ్మాస్టర్లు కూడా ఉన్నారు. బాధంతా అదే.

సంగతి తెలియని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నదంతా క్లుప్తంగా. 1792లో ఇంగ్లీషు చిత్రకారులు థామస్ డేనియల్, ఆయన అన్నదమ్ముల్లో ఒకరి కొడుకు విలియం డేనియల్ గోదావరి దాటి వచ్చారట. ద్రాక్షారామం గర్భగుడిలో కూర్చుని, ఏ యంత్రమూ లేకుండా ఉత్త కంటిచూపుతో, ఒక్క పూటలో కింద జతచేసిన బొమ్మ వేశారట. గీత కూడా తేడా లేదట. అప్పట్లో మన గుళ్ళకి సున్నమూ గచ్చూ ఉండేవి కావట, నల్లరాయి నిగనిగలాడేదట; తర్వాతివాళ్ళు సున్నం కొట్టి నాశనం చేశారట. కాబట్టి ఆ బొమ్మ చూసుకుని పూతంతా చెక్కించి పూర్వవైభవం తేవాలట. గుడిని గీసి పెట్టుకోవాలన్న బుద్ధి మనవాళ్ళలో ఒక్కరికీ పుట్టలేదట. దొరలు రాకపోతే అమరావతి స్తూపం, కంబోడియాలో అంగ్‌కోర్ గుళ్ళు ఎవరికీ తెలిసేవే కావట. బొమ్మలన్నీ లండన్‌లో తాళం వేసి దాచేశారట. ఆఖర్న, చేతి బొమ్మే ఫొటో కన్నా మేలట. కింద రెండు దీపాలు, ఒక నమస్కారం.

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు.

ముందు బొమ్మ సంగతి. అది తంజావూరు బృహదీశ్వరాలయం. 60 మీటర్లు దాటిన ఎత్తులో, అంతస్తు మీద అంతస్తుగా సన్నబడుతూ పోయి, కొసన బరువైన గుండ్రటి శిఖరం మోస్తున్న విమానం, అంటే గర్భగుడి మీది కట్టడం, అందులో కనిపిస్తోంది. ద్రాక్షారామంలో అంత విమానం ఎక్కడుందండీ? భీమేశ్వరుడిది రెండంతస్తుల గర్భగుడి. కింద పాదాల దగ్గర ఒకసారి, మెట్లెక్కి పైన ఒకసారి దణ్ణం పెట్టుకుని వచ్చినవాళ్ళే బస్సులో కూర్చుని ఈ బొమ్మ ఫార్వర్డ్ చేస్తున్నారు. డేనియల్లు 1795 నుంచి 1808 దాకా ఆరు భాగాలుగా వేసిన 'ఓరియంటల్ సీనరీ'లో మొత్తం 144 బొమ్మలున్నాయి. దక్షిణాది గుళ్ళున్న రెండో భాగంలోది ఈ తంజావూరు బొమ్మ.

ఇక "గోదావరి దాటి వచ్చారు". 1792 మార్చిలో వాళ్ళు కలకత్తా నుంచి మద్రాసుకి ఓడలో వెళ్ళారు. మైసూరు యుద్ధం అప్పుడే ముగిసింది. మద్రాసు నుంచి బెంగళూరు వైపు వెళ్ళి, అక్కణ్ణించి మదురై, కన్యాకుమారి, రామేశ్వరం, తంజావూరు, తిరుచిరాపల్లి చూసుకుని 1793 మొదట్లో మద్రాసు తిరిగొచ్చి, మళ్ళీ ఓడెక్కి బొంబాయి దారి పట్టారు. మన తీరానికి వాళ్ళు అత్యంత దగ్గరగా వచ్చింది ఆ మొదటి ఓడలోనే. డెక్కు మీద నుంచుని ద్రాక్షారామం గర్భగుడి గీశారంటే, ఆ కంటిచూపుకి నిజంగానే దణ్ణం పెట్టాలి. అప్పటికి జగన్నాథపురంలో, పాలకొల్లులో డచ్చివాళ్ళున్నారు, యానాంలో ఫ్రెంచివాళ్ళున్నారు. కథ కట్టేవాళ్ళు వాళ్ళలో ఎవరినైనా వాడుకుని ఉంటే కాస్త నమ్మబుద్ధయ్యేది.

"ఏ యంత్రమూ లేకుండా" అన్న మాట చూడండి. డేనియల్లు కెమెరా అబ్‌స్క్యూరా వెంట పెట్టుకుని తిరిగారు. అందులో దాపరికమేమీ లేదు, ఆ రోజుల్లో ఆ పని చేసేవాళ్ళ సామానులో అదొకటి. చీకటి పెట్టె, ముందు కటకం, లోపల 45 డిగ్రీల వాలులో అద్దం. ఎదురుగా ఉన్న గుడి నీడ కాగితం మీద పడుతుంది. నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని ఆ నీడ అంచుల మీద పెన్సిల్ నడపాలి. ముందు నేల గీత, తర్వాత నిలువు మూలలు, అంతస్తులు విడిపోయే అడ్డగీతలు, ఆఖర్న శిఖరం. ఎండ జరిగేకొద్దీ నీడలు జరుగుతాయి కనక ఇదంతా త్వరగా కావాలి. రంగు పట్టుకోవడం దాని పని కాదు, శిల్పం ముక్కూ మొహమూ తేల్చడం అంతకన్నా కాదు. పెట్టె ముందుభాగాన్ని పైకి వాల్చి పట్టుకుంటే నిలువు గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలిపోతాయి. అలా వాలకుండా, పెట్టె మట్టంగా ఉంచి పాలకొల్లు క్షీరారామం గోపురం మొత్తం పట్టాలంటే, దాని ఎత్తు సుమారు 120 అడుగులు కనక కనీసం 200 అడుగులు వెనక్కి జరగాలి. అంత వెనక్కి జరిగితే మధ్యలో ఇళ్ళు అడ్డం. అప్పుడు చిత్రకారుడు ఏం చేస్తాడు? కింద భాగం ఒకచోట నుంచుని, పై భాగం ఇంకోచోట నుంచుని గీసి కలుపుతాడు. అడ్డమొచ్చిన పాక తీసేసి ఆ ఖాళీలో ఒక మర్రిచెట్టు పెడతాడు. మోసం కాదది, ఆ కాలపు చిత్రకళ మర్యాద.

ఈ పెట్టెకి ఎండ కావాలి. ఆముదం దీపం వెలుగులో ఉన్న గర్భగుడిలో దాన్ని పెడితే కాగితం మీద పడేది చీకటే. పైగా ఆ రోజుల్లో తెల్లవాళ్ళని గర్భగుడిలో కూర్చోబెట్టి బొమ్మలు గీయించుకున్న అర్చకులెవరో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి. ఎలిఫెంటా, ఎల్లోరా లోపలి దృశ్యాలు ఎలా వచ్చాయంటారా, అవి ఒక పక్క తెరిచి ఉన్న గుహలు, పగటి వెలుగు స్తంభాల దాకా వస్తుంది. అందులోనూ ఎల్లోరా బొమ్మలు డేనియల్లవి కావు. జేమ్స్ వేల్స్ అనే ఆయన గీసి 1795లో చనిపోతే, వాటి ఆధారంగా వీళ్ళు అచ్చు పలకలు తయారు చేశారు. అంటే 'డేనియల్ ఎల్లోరా' అని మనం చూసేది ఒకాయన చూసి గీసినదాన్ని ఇంకొకాయన పలక మీదికి ఎక్కించినది.

"ఒక్క పూటలో", "గీత కూడా తేడా లేదు". ఈ రెండూ కలిపే చెప్పుకోవాలి. అక్కడ గీసింది పెన్సిల్ గీత. దాని మీద తర్వాత సిరా, నీళ్ళరంగు. 1792లో గీసిన తంజావూరు అచ్చులో బయటికొచ్చేసరికి 1798. ఈ మధ్యలో లండన్‌లో జరిగింది ఆక్వాటింట్ అనే అచ్చు పని. రాగి పలక మీదికి బొమ్మని తిరగేసి ఎక్కించాలి. తిరగెయ్యడం మరిస్తే అచ్చులో తూర్పు గోపురం పడమటికి పోతుంది. ముందు గీతల్ని యాసిడ్‌తో కొరికిస్తారు. తర్వాత పలక మీద గుగ్గిలం లాంటి రెసిన్ పొడి సన్నగా రాల్చి కింద నుంచి వేడి చేస్తే రేణువులు పలకకి అంటుకుంటాయి. పల్చటి నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే రేణువుల సందుల్లోంచి రాగిని తింటుంది. తెల్లగా ఉండాల్సిన ఆకాశానికి ముందే వార్నిష్ పూస్తారు. లేత నీడ వచ్చినంత సేపు ముంచి, తీసి, లేతగా ఉండాల్సిన చోట్లన్నీ వార్నిష్ పూసి, మళ్ళీ ముంచుతారు. ఇలా నాలుగైదు ముంపులు. రేణువు లావైతే సన్నటి చెక్కడం గింజలు గింజలుగా చెదిరిపోతుంది, మరీ సన్నమైతే కొద్ది వందల ప్రతులకే పలక అరిగి నీడలు పల్చబడతాయి. ఆఖర్న ఒకటి రెండు సిరాలతో అచ్చు వేసి, పైన కుంచెతో రంగు పూస్తారు.

ఇన్ని చేతులు మారాక గీత తేడా లేకుండా ఎలా ఉంటుంది? లెక్క కూడా చూద్దాం. 60 మీటర్ల విమానం కాగితం మీద అడుగు ఎత్తు వచ్చిందనుకోండి. అంటే 200 వంతుల్లో ఒక వంతు. అర మిల్లీమీటరు పెన్సిల్ గీత గుడి మీద 10 సెంటీమీటర్లు. అరచేయంత శిల్పం ఆ గీత మందంలోనే మునిగిపోతుంది. బొమ్మలో మనకి కనిపించే 'శిల్పాలు' చాలా మటుకు ఇక్కడో శిల్పం ఉంది అని చెప్పే గీతలే. డేనియల్లకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. వాళ్ళకన్నా ముందు, 1780 నుంచి 1783 దాకా ఇక్కడ తిరిగిన విలియం హాడ్జెస్ అచ్చు బొమ్మల్ని వెంట తెచ్చుకుని, ఆయన నుంచున్న చోటే నుంచుని పోల్చి చూసి తప్పులెంచారు. రెండొందల ఏళ్ళ కిందటే ఒక చిత్రకారుడి బొమ్మని ఇంకో చిత్రకారుడు నమ్మలేదు. మన గ్రూపులో మాత్రం ఎడ్మిన్ సహా అందరూ నమ్మారు.

ఇక్కడి దాకా ఉన్నది నవ్వుకుని వదిలేసే సరుకే. అసలు విషం "పూతంతా చెక్కించాలి" అన్న వాక్యంలో ఉంది. ఎందుకంటే మన ఊళ్ళలో జీర్ణోద్ధరణ కమిటీలున్నాయి, వాటి చేతిలో చందా డబ్బులున్నాయి, కాంట్రాక్టరు చేతిలో చిప్పింగ్ మెషీనుంది. ఈ మెసేజ్ ప్రింటు తీసి మీటింగులో పెట్టేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు.

మొదటి ప్రశ్న: బొమ్మలో రాతి రంగు కనిపిస్తోంది కాబట్టి సున్నం లేదా? మెసేజ్‌లో నల్లరాయి అని ఉంది, బొమ్మలో లేత గోధుమ రంగు ఉంది; పంపేముందు ఆ రెండిటికీ అయినా సంధి కుదర్చాల్సింది. ఆ గోధుమ రంగు లండన్‌లో నమూనా ప్రతి ఎదురుగా పెట్టుకుని కుంచెతో పూసిన రంగు. మబ్బులు తెల్లగా తేలాలంటే కట్టడానికి ఒక రంగు నీడ ఇవ్వాలి, లేకపోతే ఎండలో ఉన్న తెల్లగోడ ఆకాశంలో కలిసిపోతుంది. దాని మీద 200 ఏళ్ళకి పైగా పసుపెక్కిన కాగితం, ఆ పైన స్కానర్ లైటు, ఆ పైన వాట్సాప్ నొక్కేసిన ఫైలు. ఫోన్లో కనిపించే ఆ రంగు చూసి గోడ మీద సున్నం ఉందో లేదో తేల్చడం చిలక జోస్యం.

రెండోది: సున్నపు పూత తర్వాతివాళ్ళ పాపమా? చిత్రమేమిటంటే, మెసేజ్‌కి జతచేసిన ఆ తంజావూరు గుడే దీనికి సమాధానం. గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో, నాయక రాజుల కాలపు బొమ్మల పొర కింద చోళుల కాలపు బొమ్మలు 1931లో బయటపడ్డాయి. అవి ఉన్నది సున్నపు పూత మీద. గుడి కట్టిన కాలానికి దగ్గరి చిత్రకళ మనకి దక్కిందంటే ఆ పూతని ఎవరూ 'పూర్వవైభవం' కోసం చెక్కించకపోవడం వల్లే. బయట నుంచుని గీసిన డేనియల్లకి ఆ నడవలో ఏముందో కనబడే వీలే లేదు. వాళ్ళ బొమ్మలో కనబడలేదు కాబట్టి లేదనడం ఏం తర్కం?

మన గోపురాల సంగతి ఇంకా సున్నితం. కింద రాయి, పై అంతస్తులు ఇటుక, ఇటుక మీద సున్నపు గచ్చు. ద్వారపాలకుడి మొహం, వేళ్ళు, నగలు అన్నీ గచ్చులోనే మలిచినవి. లోపల ఉన్నది ఇటుక ముక్క, మహా అయితే ఒక ఇనప ఊచ. గచ్చు చెక్కేస్తే నిగనిగలాడే నల్లరాయి బయటపడదు, తల లేని ఇటుకల కుప్ప బయటపడుతుంది. అప్పుడు సిమెంటుతో కొత్త మొహం పెట్టి ఎనామిల్ వేస్తారు. ఆ మొహాలు మనం చూస్తూనే ఉన్నాం కదా.

రాతి గోడ మీది సున్నం కూడా ఊరికే లేదు. డెల్టాలో నేల తవ్వితే నీళ్ళు చేతికందేంత పైన ఉంటాయి, సముద్రం దగ్గరయ్యేకొద్దీ అందులో ఉప్పు. ఆ తడి అధిష్ఠానం, అంటే గుడి పీఠం, రాళ్ళలోంచి పైకి పాకుతుంది. గోడ ఉపరితలం దగ్గర నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. పైన సున్నం పొర ఉంటే ఉప్పు చాలా వరకు ఆ పొరలో పేరుకుంటుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది, రెండు మూడేళ్ళకి మళ్ళీ పూస్తారు. రాలాల్సింది అదే, అందుకే అది ఉంది. పొర తీసేస్తే ఉప్పు గడ్డకట్టేది రాతి రంధ్రాల్లో. స్ఫటికం పెరిగినప్పుడల్లా రాతి గింజని బయటికి తోస్తుంది. రాయి ఇసుకరాయి అయితే నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తులో చెయ్యి పెడితే పిండిలా రాలడం మీరే చూడొచ్చు. ఆ రాలుడు ఆపడానికని సిమెంటు ప్లాస్టరో, ప్లాస్టిక్ పెయింటో వేస్తే తడికి బయటికి దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని, ఒకనాడు పెయింటుతో పాటు రాతి పొర కూడా పెచ్చులుగా ఊడొస్తుంది. ఇసుక బ్లాస్టింగ్ అయితే మరీ ఘోరం. రాతికి వందల ఏళ్ళుగా గట్టిపడ్డ పైచర్మాన్ని ఒలిచేస్తుంది, శిల్పి ఉలి గుర్తులూ శాసనాల అక్షరాల అంచులూ దాంతో పాటే పోతాయి. తిరిగి తెచ్చే మందు లేదు.

ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అక్కడ ఉలి పెడితే 1958 చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పూర్వవైభవం సంగతేమో గానీ కమిటీ సభ్యులకి కొత్త వైభవం ఖాయం.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. శాసనం మీద సున్నం కొట్టడం తప్పే. ద్రాక్షారామంలో వందల కొద్దీ శాసనాలున్నాయి, స్తంభాల మీదా గోడల మీదా. శాసనం అచ్చు తీసేటప్పుడు రాతిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, పొడుగు కుచ్చు బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపుతారు, ఆ తర్వాత సిరా గుడ్డమూటతో పైపైన అద్దుతారు. గుంటల్లో ఉన్న అక్షరం తెల్లగా, చుట్టూ నలుపు. గుంటలో సున్నం నిండి ఉంటే కాగితం దిగదు, అక్షరం పుట్టదు. సగం నిండితే 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంటుంది. కాబట్టి అలాంటి చోట సున్నం తియ్యాలి, కానీ చెక్కి కాదు. ముందు అరచేయంత జాగాలో పరీక్ష. పొడిగా ఉన్నప్పుడే వెదురు పుల్లతోనో చెక్క గరిటెతోనో పొర పొరగా లేపాలి, ప్రతి పొరకీ ఫొటో. ఎక్కడైనా ఎరుపో పసుపో తగిలితే అక్కడ ఆగిపోవాలి, అది పాత రంగు కావచ్చు. మొండికేసినచోట కొద్దిగా తడిపి నైలాన్ బ్రష్. ఇనప తీగల బ్రష్ వద్దు. బాత్రూముల్లో వాడే యాసిడ్ అసలే వద్దు. అది సున్నాన్నే కాదు, ఇసుకరాతి గింజల్ని పట్టి ఉంచే సున్నపు బంధాన్ని కూడా కరిగిస్తుంది, పైగా గోడలో కొత్త ఉప్పు నింపి పోతుంది. రక్షిత కట్టడమైతే ఈ పని కూడా శాఖ మనుషులదే, మనది కాదు.

"గీసి పెట్టుకోవాలన్న బుద్ధి మనవాళ్ళకి పుట్టలేదు". ఈ మాట ఏలూరు అవతల ఎవరన్నా అంటే సరే అనుకోవచ్చు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దక్షిణాదంతా తిరిగి పోగేసిన రాతప్రతులు, శాసనాల నకళ్ళు, స్థలపురాణాల వెనక ఉన్నది ఏలూరు కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్ళు చిత్రకారులు కారు. కానీ ఏ ఊళ్ళో ఏ గుడి ఉంది, ఎవర్ని అడిగితే తలుపు తీస్తారు, ఆ శాసనంలో ఏముంది అన్నది తెలియకుండా నక్షా గీసేవాడు ఎక్కడ మొదలుపెడతాడు? తంజావూరులో పుట్టి బెంగళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామ్ రాజ్, శిల్పశాస్త్రాల్ని గుళ్ళ కొలతలతో పోల్చి, పటాలతో సహా రాసిన గ్రంథం ఆయన పోయాక 1834లో లండన్‌లో అచ్చయింది. విమానంలో ఏ భాగం ఎన్ని వంతులుండాలో పటం గీసి చూపించినది అది. దృశ్యాలు గీసిన దొరలు ఆ పని చెయ్యలేదు.

దూరదేశపు గుళ్ళు గీయడం తెల్లవాళ్ళే కనిపెట్టిన విద్య కూడా కాదు. 7వ శతాబ్దంలో చైనా దౌత్యబృందంతో వచ్చిన సోంగ్ ఫాజీ బోధ్‌గయ బుద్ధ విగ్రహాన్ని గీసుకుని తీసుకెళ్ళాడు. 17వ శతాబ్దంలో ఒక జపాన్ యాత్రికుడు అంగ్‌కోర్ వాట్‌కి నక్షా గీశాడు. బుద్ధుడున్న జేతవనం ఇదేననుకున్నాడు పాపం. దాని 1715 నాటి నకలు జపాన్‌లో ఉంది. కందకం, ఒకదానిలో ఒకటిగా ఉన్న ప్రాకారాలు ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. పేరు తప్పు, కొలత ఒప్పు. మన మెసేజ్‌లో రెండూ తప్పే.

"అంగ్‌కోర్ ఎవరికీ తెలిసేది కాదు": 1860లో ఫ్రెంచి యాత్రికుడు ఆన్రీ మువో వెళ్ళేసరికి అక్కడ బౌద్ధ భిక్షువులు కాపురమే ఉన్నారు. ఇంతకన్నా దీనికి జవాబక్కర్లేదు. తర్వాత వచ్చిన లూయీ దెలాపోర్త్ శిథిలాన్ని శిథిలంగా గీసి ఊరుకోలేదు. కూలిన శిఖరాలకి తన ఊహతో తలలు మొలిపించి అక్కడి బయోన్ గుడిని 'పూర్వవైభవం'తో గీశాడు, 1873లో శిల్పాల్ని పడవలకెక్కించి ఫ్రాన్సుకీ తీసుకుపోయాడు. ఆ ఊహాచిత్రాలు చూసి ఎవరన్నా బయోన్‌ని తిరిగి కట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అమరావతి విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయన, తెలిసో తెలియకో, నిజం చెప్పాడు. స్తూపం పలకల్ని జనం ఇళ్ళకి రాళ్ళుగా వాడుకున్నారు, కాల్చి సున్నం చేసుకున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి తన ముసాయిదాకారులతో పలక పలకా కొలతలతో గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వేనాటికి ఆ గీసిన పలకల్లో కొన్ని మాయం. ఈనాటికీ వాటికి మిగిలిన ఆధారం ఆ చేతి గీతలే. అది దృశ్యచిత్రం కాదన్నది గమనించాలి. మర్రిచెట్టు లేదు, మబ్బుల్లేవు, ఛత్రం కింద దొర లేడు. ఒక పలక, దాని కొలత. పనికొచ్చింది అందుకే.

లండన్‌లో తాళం అంటారా, కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో డేనియల్ బొమ్మలు గోడకి వేలాడుతున్నాయి. హౌరా దాకా రైలుంది.

ఇక మిగిలింది "చేతి బొమ్మే ఫొటో కన్నా మేలు". నవ్వి వదిలెయ్యాల్సిన మాటలా ఉంది కానీ వదలడానికి లేదు, ఎందుకంటే అది చాలా వరకు నిజం. ఫ్రెడరిక్ కాథర్‌వుడ్ 1839లో మధ్య అమెరికా కోపాన్‌లో మాయా శిలాస్తంభాలు గీశాడు. అడవి నీడ, లోతైన చెక్కడం, అంతకుముందు ఎప్పుడూ చూడని రూపాలు. మొదట్లో ఆయన చెయ్యి అసలు సాగలేదు. కెమెరా లూసిడా అనే చిన్న గాజు పట్టకం సాయంతో గీసి గీసి దారికి తెచ్చుకున్నాడు. 1841లో రెండోసారి వెళ్ళినప్పుడు ఫొటో తీసే సామాను కూడా పట్టుకెళ్ళాడు, అయినా ఎక్కువ నమ్ముకున్నది పెన్సిల్‌నే. ఫొటోలో పాకుడు మచ్చా, చెక్కిన గీతా ఒకేలా పడతాయి. గీసేవాడు దగ్గరికెళ్ళి వేలితో తడిమి ఏది ఏదో తేల్చుకుంటాడు. అయితే తేల్చుకునే ఓపిక ఉండాలి. అలాంటి మాయా శిల్పాల్లోనే వాల్డెక్ అనే ఆయనకి ఏనుగు తలలు కనిపించాయి, కనిపించినట్టే గీసేశాడు. అమెరికా అడవుల్లో ఏనుగులు! అక్షరాల సంగతికొస్తే ఫొటోదే గెలుపు: 1858లో లినీయస్ ట్రైప్ ఇదే తంజావూరు విమానం చుట్టూ ఉన్న శాసనాన్ని 21 ముక్కలుగా ఫొటో తీసి 19 అడుగుల పొడవున అతికించాడు. తమిళం రాకపోయినా తప్పు రాలేదు.

కాబట్టి బొమ్మల మీద అంత ప్రేమ ఉంటే, మీ ఊరి గుడిని మీరే కొలిచి గీయండి. రక్షిత కట్టడమైతే ముందు అనుమతి. 30 మీటర్ల స్టీలు టేపు, మేస్త్రి వాడే తూకం గుండు, నీళ్ళ లెవెల్ పైపు, ముగ్గురు మనుషులు చాలు. గుడి చుట్టూ లెవెల్ పైపుతో ఒకే మట్టం పట్టండి; ఎత్తులన్నీ ఆ మట్టం నుంచే పైకీ కిందికీ. గోడ మీద గుర్తులు సుద్దతోనూ వద్దు, పెయింటుతోనూ వద్దు, కాగితం టేపు ముక్కలు అంటించి పని కాగానే పీకెయ్యండి. స్తంభానికి స్తంభానికి మధ్య దూరం విడివిడిగా కొలిచి కూడొద్దు, ఒక్కోదాంట్లో అర సెంటీమీటరు తప్పినా పదకొండో స్తంభానికి అయిదు సెంటీమీటర్లు పోతాయి. టేపు సున్నా ఒక మూల పెట్టి కదపకుండా వరసగా చదవండి. ప్రతి గదికీ రెండు మూలగీతలు కొలవండి, పాత గుళ్ళలో మూలలు 90 డిగ్రీలుంటాయన్న నమ్మకం వద్దు. నక్షా 50 వంతుల్లో ఒక వంతు, శిల్పం 10 వంతుల్లో ఒక వంతు. మామూలు కాగితం మన వానాకాలపు తేమకి ఉబ్బి కొలత మారిపోతుంది, పాలిస్టర్ ట్రేసింగ్ ఫిల్మ్ వాడండి. మొదటిరోజు సున్నా పెట్టిన మూలకి ఎదురుగా, గోడకి కాదు, నేలలో ఒక మేకు దిగ్గొట్టి, పని మొత్తం అయ్యేదాకా దాన్నెవరూ పీకకుండా చూసుకోండి.